పొట్టిచేతుల వీధి

మార్చి 3, సోమవారం

కొలతల పుస్తకంలో వెనక నలభై పేజీలు ఖాళీగా ఉన్నాయి. ముందు వైపు ఊళ్ళోవాళ్ళ నడుములు, వెనక వైపు నా సొద. ఎవరైనా తెరిచినా ముందు నాలుగు పేజీలు చూసి మూసేస్తారు. తన నడుము కొలత రెండోసారి చూసుకోవాలని ఎవరికీ ఉండదు.

సంగతేమిటంటే నాకు ఉద్యోగం వచ్చింది. యాభై ఒకటో ఏట, ఎనిమిదో తరగతి రెండుసార్లు తప్పినదానికి! లైబ్రరీ అమ్మాయి మధ్యాహ్నం కొట్టుకొచ్చి, ఒక కాగితాల కట్టా, అరచేతిలో ఇమిడే రికార్డరూ కత్తిరింపు బల్ల మీద పెట్టింది. మన వీధిలో ఇంటింటికీ వెళ్ళి, మీవాళ్ళు ఎక్కణ్ణించి వచ్చారు, ఎలా వచ్చారు, ఎందుకొచ్చారు, మీది ఏ జాతి అని చెప్పుకుంటారు, ఇంట్లో ఏ భాష అని అడగాలట. అవన్నీ కలిపి వీధి చరిత్రని పుస్తకం వేస్తారు. నెలాఖరున లైబ్రరీలో సభ.

"నేనే ఎందుకమ్మా? పంతులమ్మ ఉందిగా, చదువుకున్న మనిషి."

"ఎవరు వెళ్ళినా తలుపు సందులోంచే మాట్లాడుతున్నారండీ. మీరైతే లోపలికి రానిస్తారు."

రానివ్వక ఏంచేస్తారు? ఎవరి ప్యాంటు ఎన్నిసార్లు వదులు చేశానో నా దగ్గర రాసి ఉంది.

అత్త పక్కనే కూర్చుని బొత్తాలు కుడుతూ అంతా విన్నది. మా నాన్న అక్కచెల్లెళ్ళలో మిగిలింది ఈమె ఒక్కతే. అమ్మ పోయాక నన్ను పెంచిందీ, ఈ మిషను తొక్కడం నేర్పిందీ ఈమే. ఎనభై ఆరేళ్ళొచ్చినా సూదిలో దారం ఒక్క పోటుకే ఎక్కిస్తుంది.

"ఊళ్ళోవాళ్ళ గుట్లు తవ్వడానికి జీతం కూడా ఇస్తున్నారా?" అంది, ఆ అమ్మాయి వెళ్ళాక.

"మనింటినించే మొదలెడతా. నువ్వెక్కణ్ణించి వచ్చావు అత్తా?"

"మా అమ్మ కడుపులోంచి," అని పుటుక్కున దారం కొరికింది.

మార్చి 5

మొదట కత్తెర బావ. పక్క కొట్లో క్షవరం చేస్తాడు. చుట్టరికం ఏమీ లేదు, నోరుగలవాడు కాబట్టి బావ. ఏటా ఏప్రిల్ ఒకటికి ఆయన ప్యాంటు జేబులు కుట్టేస్తాను. ఏటా ఆయన చిల్లర తీద్దామని చెయ్యి పెట్టి, నా పేరు పెట్టి తిడతాడు.

ఒకాయన మొహానికి నురగ పట్టించి, కత్తి గాల్లో ఆడిస్తూ చెప్పాడు.

"రాసుకో మరదలా. మొత్తం ఏడుగురు అన్నదమ్ములు. మా తాత రెండోవాడు. సముద్రం దాటి పడవలో వస్తున్నారు. నడిమధ్యలో తుఫాను. తెరచాప పీలికలై పోయింది. అప్పుడు పెద్దాయన తన చొక్కా చేతులు రెండూ కోసి ముందర పడేశాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ కోసేశారు. పద్నాలుగు చేతులు కలిపి కుట్టి, తెరచాప కట్టి, ఒడ్డున పడ్డారు. అందుకే ఏటవతలి వాళ్ళు మనల్ని పొట్టిచేతులోళ్ళు అంటారు. కుళ్ళు."

"పద్నాలుగు చేతులకి తెరచాప వస్తుందా బావా? కుట్టేదాన్ని నేను. దుప్పటి కూడా రాదు."

"అప్పటి మనుషుల చేతులు నీ చేతుల్లాంటివనుకున్నావా?"

"జాతి అని ఉంది. ఏం రాయను?"

"పడవ జాతి అని రాయి. పై మేడలో కొత్తగా దిగారే, వాళ్ళలాగా లారీల్లో సామానుతోపాటు వచ్చి పడలేదు మనం."

నురగ పట్టించుకున్న ఆయన కూడా తల ఊపబోయాడు. చెవి తెగేది, తృటిలో తప్పింది.

ఇంటికొచ్చేదాకా బిగపట్టుకుని, బల్ల మీద వాలిపోయి నవ్వాను. ఎందుకంటే ఆ కథ నాది. ఇరవై ఆరేళ్ళ కిందట ఒక పత్రికాయన ప్యాంటు పొడుగు తగ్గించమని వచ్చి, ఈ వీధికి పొట్టిచేతుల వీధి అన్న పేరెలా వచ్చిందని అడిగాడు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని, ఆ ప్యాంటు అంచు కుట్టేలోపు పడవా తుఫానూ అన్నదమ్ములూ అన్నీ అల్లేశాను. ఆదివారం పేపర్లో పడింది. ఆ ముక్క ఇప్పటికీ కత్తెర బావ అద్దం పక్కన పసుపురంగు తిరిగి వేలాడుతోంది. నా పేరు అందులో లేదు. 'ఒక స్థానికురాలు' అని ఉంది.

మార్చి 6

నాలుగు ఇళ్ళు. నాలుగింటా పడవే.

మార్చి 9, ఆదివారం

పంతులమ్మ బడినించి రిటైరై రెండేళ్ళయింది. రికార్డరు పెట్టగానే పాఠం చెప్పేటప్పటిలా నిటారుగా కూర్చుంది.

"మా తాత ఆ ఏడుగురిలో మూడోవాడు. ఆయన చొక్కా నీలం. పోయేముందు నా చెయ్యి పట్టుకుని చెప్పాడు, నా చేతులు తెరచాపలో ఉన్నాయమ్మా అని."

చెప్తూ కళ్ళు తుడుచుకుంది. నాటకం కాదు. నిజంగానే ఏడ్చింది.

నీలం నేను చెప్పిందే. ఆ రోజు మిషను మీద నీలం గుడ్డ ఉంది, అంతకు మించి ఏమీ లేదు. పంతులమ్మ తాత నా కథ పేపర్లో పడకముందే పోయాడు. నాకు బాగా గుర్తు, ఆయన్ని సాగనంపిన రోజు వేసిన తెల్లచొక్కా కుట్టింది నేనే.

అంటే ఆయన చెయ్యి పట్టుకుని ఇంకేదో చెప్పి ఉంటాడు. దాని మీద నా పడవ వచ్చి కూర్చుంది.

ఇవాళ నవ్వు రాలేదు. పడిశం పట్టినట్టుంది.

మార్చి 10

నాకేం పట్టింది. అడగమన్నారు, అడుగుతున్నాను. చెప్పింది రాస్తున్నాను.

మార్చి 11

పై మేడలో కొత్తగా వచ్చినావిడ. ఇంతవరకూ ఎవరూ ఆ మెట్లు ఎక్కినట్టు లేదు, నన్ను చూసి ఇల్లు ఖాళీ చెయ్యమనడానికి వచ్చాననుకుంది. కుర్చీ ఒక్కటే ఉంటే అది నాకిచ్చి తను నేల మీద కూర్చుంది.

"ఎలా వచ్చారమ్మా?"

"లారీలో."

"ఎందుకొచ్చారు?"

"గోడౌన్లో పనుందని తెచ్చారక్కా. అంతకుముందు చేసేవాళ్ళని తీసేశారట. మాకేం తెలుసు? వచ్చాక తెలిసింది."

ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. రెండు నిమిషాల్లో కాగితం నిండింది.

మార్చి 12

లైబ్రరీ అమ్మాయి పుస్తకం అట్ట చూపించింది. తెరచాప! పద్నాలుగు చేతులు గాల్లో ఉబ్బి ఉన్నాయి. బొమ్మ బాగుంది, అదే బాధ. వీధి మొదట్లో గోడ మీద కూడా ఇదే వేస్తారట. ఇరవై ఐదున అచ్చుకి వెళ్తుంది.

"అమ్మా, ఇది నేను అల్లిన కథ. నిజం కాదు," అన్నాను.

ఆ అమ్మాయి పగలబడి నవ్వింది. "మీ సంగతి అందరూ ముందే చెప్పారండీ! పోయినేడు నా కోటు జేబులు కుట్టేసింది మీరేగా?"

"ఒట్టమ్మా."

"సూదక్కా, మీరు ఒట్టు కూడా ఎంత బాగా వేస్తారో!"

ఇదీ నా పరపతి. అబద్ధం చెప్తే చరిత్ర అయింది, నిజం చెప్తే పరాచికం అయింది.

సరే. నా నోటి మాట చెల్లదు కాబట్టి రుజువు తేవాలి. ఇరవై ఐదులోపు. తెస్తాను.

మార్చి 14

ఈ వీధిలో మొదటినించీ ఉన్నది అత్త ఒక్కతే. కాగితం తీసుకుని ఎదురుగా కూర్చున్నాను.

"మనల్ని పొట్టిచేతులోళ్ళని ఎందుకంటారు?"

"పేపర్లో వేశావుగా."

"అది నేను కోసిన కోత అని నీకు తెలుసు."

"కోస్తే కోశావు. బాగానే అతికింది. కదపకు."

"ఇంట్లో మాట్లాడే భాష అని ఉంది. నువ్వు బొత్తాలు లెక్కపెట్టేటప్పుడు ఒకటి రెండు అనవు. ఇంకేవో అంటావు. అదేం భాష?"

"దర్జీల లెక్క."

"ఇంకే దర్జీ అనగా వినలేదు."

"నువ్వెంతమంది దర్జీల్ని చూశావే?" అని బొత్తాల డబ్బా మూత పెట్టేసి, గోడ వైపు తిరిగి పడుకుంది. పగలు పదకొండింటికి.

మార్చి 15

మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఇద్దరం మిషనుతోనే మాట్లాడాం.

మార్చి 17, సోమవారం

చేసింది మంచిపని అని రాసుకోను. కానీ పని జరిగింది.

అడిగితే చెప్పనివాళ్ళ చేత చెప్పించే విద్య నాకు ఒక్కటే వచ్చు, ఆకతాయితనం. నిన్న రాత్రి భోజనానికి ముందే ఒక చొక్కా కత్తిరించి పెట్టుకున్నాను. మిల్లువాళ్ళు వేసుకునే రకం, ముతక బూడిదరంగు గుడ్డ. ఛాతీ సరిగ్గా, భుజం సరిగ్గా, చేతులు మాత్రం నాలుగు వేళ్ళు తక్కువ. పొద్దున్నే కొట్లో చెక్కబొమ్మకి తొడిగి, అత్త కుర్చీకి ఎదురుగా నిలబెట్టాను. ఏదో ఒకటి అంటుందని. తిడుతుందని.

అత్త వచ్చింది. చూసింది. తిట్టలేదు. దగ్గరికెళ్ళి ఆ చెయ్యి అంచు రెండు వేళ్ళతో పట్టుకుని కిందికి లాగింది, లాగితే పొడుగవుతుందన్నట్టు. మళ్ళీ లాగింది.

"ఎవరి కొలత ఇది?"

"ఎవరిదీ కాదత్తా. ఊరికే."

"నాలుగు వేళ్ళు తక్కువ." టేపు పెట్టలేదు.

కుర్చీ వేశాను. రికార్డరు నొక్కడం కూడా మర్చిపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

"నేను తప్పు కుట్టలేదు పిల్లా," అంది. "ఒక్క కుట్టు తప్పు పోలేదు. ఏ కొలత ఇచ్చారో ఆ కొలతకే కుట్టాను. మనుషుల్నే మార్చారు."

అప్పట్లో ఇక్కడ రంగుల మిల్లు ఉండేది. పనివాళ్ళందరూ ఏటవతలి వాళ్ళు. రంగునీళ్ళకి చొక్కాలు తూట్లు పడిపోతున్నాయని, కూలి పెంపు లాంటి మిగతావాటితోపాటు కొత్త చొక్కాలు కూడా అడిగి పని మానేశారు. మిల్లువాళ్ళు చొక్కాలకి ఒప్పుకుని నలభై ఇద్దరికి కొలతలు తీశారు. మిగతావాటి దగ్గర మాట తెగింది. గేటు మూశారు. సరిహద్దు అవతలికి మనిషిని పంపి, పనుందని చెప్పి, నలభై ఇద్దరిని రెండు లారీల్లో తెచ్చారు. సరిహద్దు దాటేదాకా టార్పాలిను కిందే. అందులో మా నాన్న ఉన్నాడు. కత్తెర బావ తాత ఉన్నాడు. పంతులమ్మ తాత ఉన్నాడు. కుట్టుపని వచ్చని పదిహేడేళ్ళ అత్తని కూడా ఎక్కించారు.

"స్టోరు గుమాస్తా పుస్తకం ఇచ్చాడు. కొలతలు తీసే ఉన్నాయి, కుట్టెయ్ అన్నాడు. వీళ్ళ చేతులు పొడుగయ్యా అన్నాను. చేతులు పని చెయ్యడానికి తెచ్చాం, కొలవడానికి కాదు అన్నాడు."

"తర్వాత?"

"మొదటి రోజు వంతెన దగ్గర పని పోయినవాళ్ళందరూ నిలబడి ఉన్నారు. రాళ్ళేస్తారనుకున్నాం. వెయ్యలేదు. చొక్కాలు చూశారు. తమవేనని తెలుసుకున్నారు. ఒకడు పొట్టిచేతులోళ్ళు అన్నాడు. ఇంకెవరూ ఏమీ అనలేదు. ఆ రోజునించి మనవాళ్ళు చేతులు మోచేతి దాకా మడిచే తిరిగారు."

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఈ ప్రశ్నే అడిగితే అత్త చెక్క స్కేలుతో కొట్టింది. జన్మలో ఒక్కసారే. ఎందుకు కొట్టావని ఇవాళ అడిగాను.

"మీ నాన్న వెనక గదిలో ఉన్నాడు. వినేవాడు."

తనే మళ్ళీ అంది. "నీ కథ పేపర్లో పడిన రోజు మిల్లు బాయిలర్ దగ్గర పనిచేసిన ముసలాయన నా దగ్గరికొచ్చి దణ్ణం పెట్టాడు. నీ మేనకోడలు మా అందరినీ లారీ దింపి పడవెక్కించిందమ్మా అన్నాడు."

మార్చి 18

"పుస్తకం ఏది?"

"ఏ పుస్తకం?"

"అత్తా, నువ్వు కొలతల పుస్తకం పారేసే మనిషివి కాదు."

మిషను సొరుగు కింద, పాత దుప్పటి ముక్కలో ఉంది. ముప్పై ఏళ్ళుగా దాని మీదే మోకాలు ఆనించి తొక్కుతున్నాను. ఎడమ వైపు గుమాస్తా రాత, నలభై ఇద్దరి పేర్లు, ఛాతీ, భుజం, చెయ్యి. కుడి వైపు పెన్సిలుతో అత్త రాత, ఏ చొక్కా ఎవరు వేసుకున్నారో.

పదిహేడో నంబరు. చెయ్యి ఇరవై ఒకటి. ఎదురుగా పెన్సిలుతో: అన్న.

గోడ మీద ఫొటోలో నాన్న చేతులు మడిచి ఉంటాడు. కష్టపడే మనిషి కాబట్టి మడిచాడని అందరికీ చెప్పేదాన్ని.

మార్చి 20

పుస్తకం పట్టుకెళ్ళి కత్తెర బావకి చూపించి, అత్త చెప్పిందంతా చెప్పాను. ముందు నవ్వాడు. పేజీలు తిప్పుతున్నకొద్దీ ఆ నవ్వు తగ్గిపోయింది.

"ఏప్రిల్ ఒకటి ఇంకా రాలేదు మరదలా."

"పరాచికం కాదు బావా."

"మా తాత ఒకళ్ళ నోటికాడి కూడు లాక్కున్నాడంటావా?"

"మా నాన్న కూడా. వాళ్ళకి వచ్చాకే తెలిసింది. తెలిశాక వెనక్కి పోవడానికి లారీ లేదు."

"మేం పడవలో వచ్చాం! లారీలో వచ్చింది వాళ్ళు!" అని పై మేడ వైపు కత్తెర చూపించాడు. "ఇంకోసారి నా కొట్టు గడప తొక్కావంటే బాగుండదు."

మార్చి 22

పంతులమ్మ కుట్టడానికిచ్చిన గుడ్డ వెనక్కి తీసుకెళ్ళింది. ఇంకా ఇద్దరు కూడా. మిషను తీరిగ్గా ఉంది. నూనె వేశాను. కత్తెర్లు పదును పెట్టాను. నాకేం పట్టింది అని రాద్దామనుకున్నాను, కానీ రాయను. పట్టింది. అచ్చుకి ఇంకా మూడు రోజులుంది.

మార్చి 23, ఆదివారం

ఏటవతలికి వెళ్ళాను. పుట్టి యాభై ఒక్క ఏళ్ళలో దారాలు కొనడానికి తప్ప వంతెన దాటలేదు. మధ్యలో రెండుసార్లు ఆగాను. భయం కాదు, మోకాళ్ళ నొప్పి.

పుస్తకంలో పేర్లు అడుగుతూ పోతే ఒక గడియారాల కొట్టు చూపించారు. డెబ్బై దాటిన మనిషి, కంటికి భూతద్దం. పదిహేడో నంబరాయన కొడుకు.

"పొట్టిచేతుల వీధినించి అనండి. దారి తప్పారా?"

"లేదు. అడ్రసు పట్టుకునే వచ్చాను." పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టాను.

తండ్రి పేరు మీద వేలు పెట్టాడు. ఛాతీ ముప్పై ఆరు, భుజం పదహారున్నర, చెయ్యి ఇరవై ఒకటి. పైకి చదివాడు. రెండోసారి చదివాడు.

"నాన్న ఫొటో కూడా లేదు మా దగ్గర," అన్నాడు. "ఇంత పొట్టిగా ఉండేవాడా! నాకు పెద్దగా కనపడేవాడు." గడియారాలు టకటకలాడుతున్నాయి. "పోయేదాకా ఒకటే అనేవాడు. పని పోతే పోయింది, నా చొక్కా ఎవడేసుకున్నాడో ఒక్కసారి చూడాలని ఉంది అని."

అబద్ధం నాలుక చివరే ఉంది. నాకెప్పుడూ అక్కడే ఉంటుంది. కుడి వైపు పెన్సిలు రాత మీద నా అరచెయ్యి ఆనించి ఉంది. తీశాను.

"మా నాన్న."

కంటినించి భూతద్దం తీశాడు. నన్ను పైనించి కిందిదాకా చూశాడు.

"సరిపోయిందా?"

"లేదు. నాలుగు వేళ్ళు పొట్టి. ఉతికాక ఇంకా ముడుచుకుంది. బతికినన్నాళ్ళూ మడుచుకునే తిరిగాడు."

"మంచిది," అన్నాడు.

భూతద్దం మళ్ళీ పెట్టుకుని పనిలో పడ్డాడు. నేను పుస్తకం మూయలేదు, కదల్లేదు. చేతిలో గడియారం మూత బిగించి, తలెత్తకుండా, "నిలబడే ఉన్నారేం? కూర్చోండి," అన్నాడు.

రికార్డరు నొక్కాను.

మార్చి 24

లైబ్రరీ అమ్మాయి ముందు పుస్తకం, గడియారాలాయన గొంతు, అత్త. మూడూ పెట్టాను. అత్త రిక్షా దిగి, తన కాళ్ళ మీద తనే మెట్లెక్కింది.

ఈసారి ఆ అమ్మాయి నవ్వలేదు. "మరి పడవ కథ తీసేద్దామా?" అంది.

"తీసెయ్యకు. ఎవరు అల్లారో, ఎందుకు అల్లారో రాసి వెయ్యి. నలభై ఇద్దరి పేర్లూ రెండు వైపులా వెయ్యి. ఎడమా, కుడీ."

"ఎందుకు అల్లారండీ?"

ఊరికే, సరదాకి అనబోయాను. "అడిగితే దెబ్బలు పడ్డాయి కాబట్టి," అన్నాను. అత్త కిటికీలోంచి బయటికి చూసింది.

మార్చి 30, ఆదివారం

సభ. వీధిలో సగంమందే వచ్చారు. ఏటవతలినించి పదకొండుమంది వచ్చారు, వెనక వరసలో నిలబడ్డారు, కుర్చీలున్నా కూర్చోలేదు. అత్త లేచి తను కుట్టిన చొక్కాలు నంబర్ల వరసన చెప్పింది. పుస్తకం చూడలేదు. ఎనిమిది దగ్గర కత్తెర బావ లేచి వెళ్ళిపోయాడు. పంతులమ్మ వెళ్ళలేదు. తలొంచుకుని కూర్చుని, అయిపోయాక అత్త దగ్గరికొచ్చి, "మా తాత చొక్కా ఏ రంగు?" అని అడిగింది.

"బూడిద."

"ఆ," అంది పంతులమ్మ. "అలాగే ఏదో అన్నాడు."

ఏప్రిల్ 1

పది రోజుల తర్వాత మొదటి బేరం. కత్తెర బావ, చంకలో ప్యాంటు.

"అడుగు చిరిగింది," అన్నాడు. చిరగలేదు.

"ఇవ్వు."

"మా తాత ఎన్నో నంబరు?"

"తొమ్మిది. చెయ్యి ఇరవై రెండు."

బల్ల మీద చెయ్యి చాపాడు. "కొలువు."

కొలిచాను. ఇరవై ఐదు. చాపిన చెయ్యి అలాగే పెట్టి మూడంగుళాల మేర చూస్తూ నిలబడ్డాడు.

"ఆ తొమ్మిదో నంబరాయన వాళ్ళెవరైనా ఉన్నారా అవతల?"

"మనవరాలు. వంతెన దిగ్గానే కూరగాయల కొట్టు."

"నేనేం వెళ్ళను."

"నేనేం వెళ్ళమనలేదు. ఆ పేపరు ముక్క తీసేశావా?"

"ఎందుకు తీస్తా? కింద నీ పేరు రాశాను, పెద్ద అక్షరాలతో. ఇక క్షవరానికి వచ్చిన ప్రతివాడూ నిన్ను తిడతాడు."

గడప దాటబోయి ఆగి, పై మేడ వైపు చూశాడు. వెళ్ళాడు.

ఆయన ప్యాంటు జేబులు కుట్టలేదు. సాయంత్రం తీసుకెళ్ళి, అటూ ఇటూ తిప్పి వెతుకుతాడు. కుట్టు దొరకదు. రాత్రంతా నిద్రపట్టదు. ఈ ఏటికి అదే.

ఇంకొక్క కాగితం మిగిలింది. మా ఇంటిది. ఇదొక్కటీ ఇచ్చేస్తే నా ఉద్యోగం అయిపోయినట్టే. అత్త బొత్తాలు లెక్కపెడుతోంది, తన లెక్కలో. భాష గడిలో నేనూ ఆమెతోపాటు పైకి అంటూ ఆ అంకెలే రాశాను, ఆరు దాకా వచ్చాయి. మిగతా గళ్ళు ఇవి.

ఎక్కణ్ణించి వచ్చారు: సరిహద్దు అవతలినించి.
ఎలా వచ్చారు: లారీలో, టార్పాలిను కింద.
ఎందుకు వచ్చారు: ఇంకొకరి పనిలోకి. వచ్చాక తెలిసింది.
జాతి: పొట్టిచేతులు.